వానరోజు పిల్లలకి షటిల్ కోర్టు బుక్ చేసేముందు ఒకసారి చదవండి

మూడు స్టార్లు ఇస్తున్నా. అందులో రెండున్నర కోచ్ గారికి, మిగతా అర కారు పార్కింగ్ కి. పేరు రాయట్లేదు, ఓనర్ చదివితే కోచ్ గారికి మాట వస్తుంది. బెజవాడ బందరు రోడ్డు మీద కానూరు వైపు సందుల్లో ఇలాంటి రేకుల షెడ్డు కోర్టులు చాలానే వచ్చాయి కాబట్టి మీరు దేనికెళ్ళినా ఇవే చూసుకోండి.

మేము ఇంగ్లాండ్ నుంచి మావారి ప్రాజెక్టు పని మీద వచ్చి బెజవాడలో ఉంటున్నాం, పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. అక్కడ శనివారం పొద్దున్న అంటే ఫుట్‌బాల్, చినుకులు పడుతుంటే రెయిన్‌కోట్లు వేసుకుని గీత పక్కన నిలబడి చూడటమే, గ్రౌండ్‌లో నీళ్ళు నిలిచాయని రెఫరీ అంటే తప్ప మ్యాచ్ ఆగదు. ఇక్కడి వాన అలా కాదు కదండీ, గట్టిగా పడితే మా సందు కాలవే. పైగా 2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచినప్పట్నుంచి మా అత్తయ్యగారు మబ్బు పడితే చాలు, "పిల్లల్ని ఎక్కడికీ తిప్పకమ్మా" అని ఫోను. ఇంట్లో కూర్చోబెడితే సోఫాలు మిగలవు. అందుకని ఇండోర్ షటిల్.

కోచ్ గారి గురించి ముందు చెప్పాలి. చేరిన కొత్తలో రాకెట్ ముట్టుకోనివ్వలేదు, ఆరు మూలలకీ పరిగెత్తి మళ్ళీ మధ్యలోకి రావడం, అంతే, మావాడు "ఇదేం ఆటమ్మా" అని ఏడుపు. ఇప్పుడు చూస్తే కాళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. బూట్లు కూడా నాన్-మార్కింగ్ వే (కోర్టు మీద మరకలు పడనివి) కొనమన్నారు గానీ ఫలానా షాపులోనే కొనండి అనలేదు, మొదట్లో నైలాన్ షటిల్ చాలు, ఈక షటిల్‌కి డబ్బులు తగలెయ్యొద్దు అన్నారు. ఈక షటిల్‌కి పదహారు ఈకలుంటాయి, ఒకటి విరిగినా తిన్నగా వెళ్ళదు, పిల్లల చేతిలో పది నిమిషాలు కూడా ఉండదు, ఆయన చెప్పింది నిజమే.

ఇక షెడ్డు. వాన మొదలయ్యాక రేకుల మీద చప్పుడుకి కోచ్ గారి మాట పక్క కోర్టుకి కాదు కదా ఎదురుగా ఉన్నవాళ్ళకే వినపడదు, చేతులతో సైగలు చేస్తుంటారు పాపం. ఫ్యాన్లు వెయ్యరు, అది తప్పు కాదు, గాలికి షటిల్ పక్కకి పోతుంది, కానీ గోడ పైన కిటికీలకి తలుపులే లేకపోతే తుఫాను గాలి ఊరుకుంటుందా, ఫ్యాన్ ఆపి ఏం లాభం? చివరి కోర్టులో రేకుల అతుకు దగ్గర కారుతుంది, కింద బకెట్ పెట్టారు, బకెట్‌లో పడింది పడగా మిగతాది మ్యాట్ మీదికి చిందుతుంది. తడి మ్యాట్ మీద పిల్లలు జారితే మడమ పోతుంది, ఇది మాత్రం నేను సరదాకి రాయట్లేదు.

రిసెప్షన్‌లో అడిగా, ఇలా ఉంటే స్లాట్ మార్చండి లేదా డబ్బులు వెనక్కివ్వండి అని. "ఇండోర్ కదా మేడమ్, వానకీ మనకీ సంబంధం ఏముంది" అన్నాడా అబ్బాయి. బకెట్ వైపు చూపించా. "అది క్లీనింగ్ కోసం మేడమ్" అన్నాడు! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. యాప్‌లో చూస్తే వెనక్కివ్వడం అనేదే లేదు, మామూలు రోజు గంటకి 350, శని ఆదివారాలు 500, వానైనా ఎండైనా అంతే. కరెంటు పోతే జనరేటర్ ఉంది గానీ సగం లైట్లే వెలుగుతాయి, ఆ వెలుతురులో తెల్ల షటిల్ పైకి లేస్తే ఎక్కడుందో కనపడదు.

ఇంకోటి, ఇది ఫిర్యాదు కాదులెండి. గోడ నిండా సింధు, శ్రీకాంత్ ఫోటోలు పెట్టారు, బాగుంది, చేతన్ ఆనంద్ ఫోటో మాత్రం లేదు. మా మావయ్యగారు ఒకసారి మాతో వచ్చి దాని గురించే పట్టుకున్నారు, బెజవాడ కుర్రాడు, 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ ఆటల్లో సింగిల్స్ కాంస్యం తెచ్చాడు, బెజవాడ కోర్టులో ఆయన ఫోటోకి చోటు లేదా అని. రిసెప్షన్ అబ్బాయి ఫోన్‌లో వెతికి చూసి "నిజమే తాతగారు" అన్నాడు. ఫోటో మాత్రం ఇంకా రాలేదు.

క్యాంటీన్‌లో పఫ్‌లు చల్లగా ఉంటాయి, తినకండి. సందు చివర బండి మీద పునుగులు వేస్తారు, వాన తగ్గాక అల్లం చట్నీతో వేడివేడిగా, మా అమ్మాయి ఆటకన్నా దానికోసమే వస్తుందని నా అనుమానం.

నెల కోచింగ్ 2500, ఆ డబ్బుకి న్యాయమే, పిల్లల్ని చేర్పించండి. వారాంతం గంట స్లాట్ మాత్రం వాన సూచన ఉంటే బుక్ చెయ్యొద్దు, ఆగస్టు నుంచి నవంబర్ దాకా అయితే అసలే వద్దు. తప్పక వెళ్ళాల్సి వస్తే ముందే ఫోన్ చేసి చివరి కోర్టు కాకుండా గుమ్మం పక్క కోర్టు ఇమ్మని అడగండి, అక్కడ కారదు.