ఐదు లక్షలకు ఏది మేలు: ఆరేళ్ల చిన్న కారా, పదేళ్ల సెడానా?

కారు కొనబోతూ నన్ను సలహా అడిగేవారిలో సగం మంది ప్రశ్న ఒకటే. చేతిలో ఐదు లక్షల దాకా ఉన్నాయి, సెకండ్‌హ్యాండ్ బండి చూస్తున్నారు. 2019 నాటి స్విఫ్ట్ లాంటి చిన్న కారు తీసుకోవాలా, ఇంచుమించు అదే ధరకు దొరికే 2014, 2015 నాటి హోండా సిటీ లాంటి సెడాన్, అంటే వెనక విడిగా డిక్కీ ఉండే పొడవాటి కారు తీసుకోవాలా? నేనూ ఈ మధ్యే ఇదే చిక్కులో పడి, రెండు నెలలు తిరిగి, చివరకు చిన్న కారే కొన్నాను.

అయినా సెడాన్ పక్షాన చెప్పవలసినది చాలా ఉంది. 2014లో వచ్చిన నాలుగో తరం సిటీ పొడవు 4,440 మిల్లీమీటర్లు, 2018లో వచ్చిన స్విఫ్ట్‌ది 3,840. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం సిటీలో 150 మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ ఆరంగుళాల తేడా ఏమిటో వెనక సీట్లో కూర్చున్నవారి మోకాళ్లకు తెలుస్తుంది. డిక్కీ సంగతి చెప్పనే అక్కరలేదు: 510 లీటర్లు ఒకదానిది, 268 లీటర్లు రెండోదానిది. సంక్రాంతి వెళ్లాక కోనసీమ నుంచి హైదరాబాద్ తిరిగి వచ్చే కుటుంబానికి రెండు సూట్‌కేసులు, పాతిక కిలోల బియ్యం బస్తా, అరిసెల డబ్బా, కొబ్బరికాయల సంచి ఉంటాయి. సిటీలో ఇవన్నీ సర్దాక కూడా చోటు మిగులుతుంది. స్విఫ్ట్‌లో కొబ్బరికాయలు పిల్లల కాళ్ల దగ్గరకు చేరతాయి. విజయవాడ రహదారి మీద లారీల వరుసను దాటేటప్పుడు 1.5 లీటర్ల ఇంజిన్ ఇచ్చే ధీమా కూడా వేరు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది భద్రత. కార్లను గుద్దించి చూసి ఐదింటికి నక్షత్రాలు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో ఆ స్విఫ్ట్‌కు 2018లో రెండు నక్షత్రాలు వస్తే, నాలుగో తరం సిటీకి 2022లో నాలుగు వచ్చాయి. ఏటా వేల కిలోమీటర్లు హైవే మీదే తిరిగేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కాకపోతే పరీక్షకు నిలిచింది ఎయిర్‌బ్యాగులున్న బండి. 2014, 2015లో మన దేశంలో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి కావు. మీరు చూస్తున్న బండిలో అవి ఉన్నాయో లేదో వేరియంట్ పేరు అడిగి తేల్చుకోండి.

పెద్ద కారుకు ఇన్సూరెన్స్ అంతా ఎక్కువేనని చాలామంది పొరబడతారు. మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం 1,000 నుంచి 1,500 సీసీ వరకు ఒకటే. స్విఫ్ట్ పెట్రోల్ ఇంజిన్ 1,197 సీసీ, సిటీది 1,497. రెండూ ఒకే గట్టున ఉన్నాయి కాబట్టి ఆ లెక్కలో సెడాన్‌కు నష్టమేమీ లేదు.

మరి నేను ఎందుకు వెనక్కి తగ్గాను? రబ్బరు వల్ల.

బండి వయసును అందరూ మీటరు రీడింగుతో కొలుస్తారు. ఇంజిన్‌కు ఆ కొలత చాలావరకు సరిపోతుంది. కానీ సస్పెన్షన్ బుష్‌లు (కుదుపు ఆపడానికి కీళ్ల దగ్గర పెట్టే రబ్బరు ముక్కలు), ఇంజిన్‌ను మోసే మౌంటింగులు, నీళ్ల గొట్టాలు, ఏసీ గొట్టాలు, బ్రేకు గొట్టాలు, టైర్లు, తలుపుల చుట్టూ ఉండే బీడింగు అన్నీ రబ్బరువే. అవి కిలోమీటర్లకు మాత్రమే అరగవు. ఎండకూ గాలికీ ఏళ్ల తరబడి బిరుసెక్కి పగులుతాయి. మన వేసవిలో ఆరుబయట నిలబెట్టిన బండికి ఇది మరీ త్వరగా వస్తుంది.

నేను దాదాపు ఖాయం చేసుకున్న సెడాన్ 2015 నాటిది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఆ వయసుకు ఏ బండైనా అంతే. ఒకే యజమాని, ముప్ఫై రెండు వేల కిలోమీటర్లు, గీత పడని రంగు. మా మెకానిక్ దాన్ని లిఫ్ట్ మీదకు ఎక్కించి, ముందు చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్ సందులో ఇనుప కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తాడు. బుష్ నోరు తెరుచుకున్నట్టు విచ్చుకుంది. తర్వాత టైరు పక్క గోడ మీద అంకెలు చూపించాడు: 2215. అంటే 2015లో 22వ వారం తయారీ. బండితో వచ్చిన టైర్లే! టైరు మీది గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి, కానీ బొటనవేలితో నొక్కితే వెంట్రుకల్లాంటి పగుళ్లు తేలాయి. టైర్లు, బుష్‌లు, మౌంటింగులు, షాక్ అబ్జార్బర్లు కలిపి లెక్క వేస్తే సుమారు డెబ్బై వేలు. పైగా బండి ధర సగానికి పైగా పడిపోయినా దాని సామాన్ల ధర పడిపోదు. కొనేది చిన్న కారు ధరకే అయినా, సర్వీసు బిల్లు పెద్ద కారుదే వస్తుంది.

చిన్న కారుకు ఈ బెడద లేదని కాదు. నేను కొన్న స్విఫ్ట్‌కూ వచ్చిన వారంలోనే నాలుగు టైర్లు మార్పించాను. అయితే దానివి 14 అంగుళాల చక్రాలు కాబట్టి టైర్లు చవకగా వచ్చాయి. మిగతా రబ్బరుకు ఇంకా కొన్నేళ్ల ఆయుష్షుంది.

కాగితాల్లోనూ వయసే మాట్లాడుతుంది. సొంత కారు ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) మొదట 15 ఏళ్లకు ఇస్తారు. 2014 బండికి అది 2029లో ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, రెన్యువల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. మూడేళ్లు వాడి అమ్ముదామనుకుంటే, ఆ గడువు దగ్గర పడ్డ బండిని కొనేవాడు బేరం అక్కడి నుంచే మొదలుపెడతాడు.

స్విఫ్ట్‌కే విడిగా డిక్కీ పెట్టినట్టుండే చిన్న సెడాన్ డిజైర్ సంగతి కూడా అడుగుతుంటారు. డిక్కీ 378 లీటర్లు, పొడవు నాలుగు మీటర్ల లోపే. డిక్కీ ఒక్కటే మీ ఇబ్బంది అయితే బాగానే ఉంటుంది.

ఇంట్లో ఐదుగురు పెద్దవాళ్లుండి, నెలకు రెండుసార్లు ఊరికి వెళ్లేవారికి మాత్రం నేను సెడానే చెబుతాను. అప్పుడు బేరం నాలుగు లక్షల దగ్గర ఆపి, మిగిలిన లక్షను రబ్బరు సామాన్లకు పక్కన పెట్టుకోండి. అడ్వాన్సు ఇవ్వకముందే బండిని లిఫ్ట్ ఎక్కించండి. ఎక్కించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.