లైవ్ మ్యాచ్‌కి డిజిటల్ రేడియో: ఏళ్ల తరబడి విన్నాక

డిజిటల్ రేడియో గురించి ఎవరు అడిగినా ముందు వచ్చే ప్రశ్నలు రెండే: సౌండ్ ఎలా ఉంటుంది, ఎన్ని స్టేషన్లు వస్తాయి. ఆ రెండింటిలోనూ వంక పెట్టడానికి ఏమీ లేదు. నేను మాత్రం రేడియోని ముఖ్యంగా మ్యాచ్ కామెంటరీ కోసం వాడతాను. క్రికెట్, ఫుట్‌బాల్, సీజన్ వస్తే టెన్నిస్. డీఏబీ ప్లస్ (ట్రాన్స్‌మిటర్ నుంచి గాల్లో వచ్చే డిజిటల్ రేడియో, కింద పొట్టిగా డీఏబీ అంటాను), ఎఫ్ఎం రెండూ పట్టే చేతి సెట్ ఒకటి, ఫోన్‌లో స్ట్రీమింగ్ యాప్‌లు, వీటితోపాటు పాత మీడియం వేవ్ ట్రాన్సిస్టర్ ఒకటి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని ఏళ్లుగా వింటున్నాను. సౌండ్ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ ఒక్క విషయమే రాస్తాను. బంతి బ్యాట్‌కి తగిలిన క్షణానికీ, ఆ మాట మన చెవిన పడే క్షణానికీ మధ్య ఎంతసేపు గడుస్తుంది? దానివల్ల వినడంలో ఏం మారుతుంది?

నా అనుభవం ముందే చెప్పేస్తాను. ట్రాన్స్‌మిటర్ నుంచి నేరుగా గాల్లో వచ్చే డీఏబీ ప్లస్ ఆలస్యం నా సెట్‌లో రెండు మూడు సెకన్లు, కొన్ని స్టేషన్లకు నాలుగు దాకా. అది రోజూ అంతే ఉంటుంది, అందుకే అలవాటైపోతుంది. స్ట్రీమింగ్‌లో అరనిమిషం మామూలు, నిమిషం దాటడం కూడా చూశాను. అంత ఆలస్యాన్నీ ఓర్చుకోవచ్చు కానీ, అది ఒకచోట నిలవదు. మ్యాచ్ మొదట్లో ఒకలా, చివర్లో ఒకలా ఉంటుంది. నన్ను విసిగించింది ఈ నిలకడలేనితనమే.

మీ సెట్ ఎంత వెనక ఉందో తెలుసుకోవడం సులువు. ఒకే స్టేషన్ ఎఫ్ఎంలోనూ డిజిటల్‌లోనూ వస్తుంటే రెండు సెట్లు పక్కపక్కన పెట్టి, ఏదో ఒక మాట పట్టుకుని సెకన్లు లెక్కపెట్టండి. గంట గంటకీ టైమ్ సిగ్నల్ వేసే స్టేషన్ అయితే ఇంకా మంచిది. బీబీసీ రేడియోలో గంట మార్పును తెలిపే ఆ బీప్‌లు 1924 ఫిబ్రవరి 5న మొదలయ్యాయి. జనం వాటిని విని గడియారాలు సరిచేసుకునేవారు. అవే బీప్‌లు డిజిటల్ రేడియోలో వింటే ఫోన్‌లో టైమ్ అప్పటికే కొన్ని సెకన్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది.

ఎఫ్ఎం, మీడియం వేవ్ లాంటి పాత అనలాగ్ ప్రసారంలో ఈ బాధ దాదాపు లేదు. రేడియో తరంగం 300 కిలోమీటర్లు వెళ్లడానికి 1 మిల్లీసెకను చాలు. మైక్ నుంచి ట్రాన్స్‌మిటర్ దాకా అంతా అనలాగ్‌గా ఉన్న రోజుల్లో స్టేడియంలో ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని కూర్చుంటే విచిత్రం ఒకటి జరిగేది. పిచ్‌కి 100 మీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు బ్యాట్ చప్పుడు గాల్లో రావడానికి సుమారు 0.3 సెకను పడుతుంది. అదే చప్పుడు రేడియోలో అంతకన్నా ముందే వచ్చేసేది. మైదానంలో కూర్చున్నవాడికి మైదానం కన్నా రేడియోనే ముందు చెప్పేదన్నమాట. ఇప్పుడు స్టూడియో లింకులన్నీ డిజిటల్ అయిపోయాయి కాబట్టి అనలాగ్ స్టేషన్‌లోనూ కొంత ఆలస్యం చేరింది. శాటిలైట్ మీదుగా వస్తే ఇంకొంచెం కలుస్తుంది. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా వెళ్లి తిరిగి రావడానికే పావు సెకను పోతుంది. అయినా మీడియం వేవ్ సెట్ నా దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా ముందుంటుంది.

డీఏబీలో సెకన్లు ఎక్కడ పోతున్నాయో తెలుసుకున్నాక నాకు దానిమీద కోపం చాలావరకు తగ్గింది. ముందు శబ్దాన్ని కుదించాలి. కుదించే కోడెక్ ఒక్కో శబ్దం ముక్కను ముందువెనకలు చూసుకుని గానీ పంపలేదు. డీఏబీ ప్లస్‌లో ఆ ముక్కలను 120 మిల్లీసెకన్ల కట్టలుగా కడతారు. ఆ తర్వాత పక్కపక్కన ఉండాల్సిన బిట్లను కాలంలో చెల్లాచెదురు చేసి పంపుతారు. దారిలో సిగ్నల్ ఒక్క క్షణం పాడైతే ఆ నష్టమంతా ఒకే మాట మీద పడకుండా పలచగా పరుచుకుంటుంది, సెట్ దాన్ని సరిదిద్దుకోగలుగుతుంది. ఈ చెదరగొట్టడం 384 మిల్లీసెకన్ల మేర ఉంటుంది. అన్నిటినీ మళ్లీ పోగుచేసుకునే దాకా సెట్ ఆగాల్సిందే. ఇంకో కారణం ఉంది. ఒక ప్రాంతంలోని ట్రాన్స్‌మిటర్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తాయి, అందుకని అన్నీ ఒకే క్షణంలో ఒకే బిట్లు పంపాలి. అన్నిటికన్నా ఆలస్యంగా సిగ్నల్ అందే ట్రాన్స్‌మిటర్ కోసం మిగతావన్నీ కాచుకుని ఉంటాయి. కారులో వెళ్తున్నప్పుడు కూడా గరగర లేకుండా మాట స్పష్టంగా వినిపిస్తోందంటే ఆ సెకన్లు ఊరికే పోలేదు.

స్ట్రీమింగ్ సంగతి వేరు. ఎక్కువ యాప్‌లు శబ్దాన్ని చిన్న చిన్న ఫైళ్లుగా కోసి పంపే పద్ధతి వాడతాయి. హెచ్ఎల్ఎస్ అనే ఆ పద్ధతిలో ఒక్కో ఫైలుకు ఆపిల్ సూచించే నిడివి 6 సెకన్లు. ఫైలు మొత్తం తయారయ్యాకే బయటికి వస్తుంది, మన ప్లేయర్ కనీసం మూడు ఫైళ్లయినా వెనక నుంచి మొదలుపెడుతుంది. అక్కడికే 18 సెకన్లు. దానికి ఎన్‌కోడింగ్, మధ్యలో సర్వర్లు, ఫోన్‌లో బఫర్ కలిస్తే అరనిమిషం అవడంలో ఆశ్చర్యం లేదు. నెట్ తడబడినప్పుడు అసలు చిక్కు వస్తుంది. ప్లేయర్ ఐదు సెకన్లు ఆగి, ఆగినచోటి నుంచే మళ్లీ మొదలుపెడితే ఆ ఐదు సెకన్లూ మన ఖాతాలో చేరినట్టే, ఇక తగ్గవు. నేను చాలాకాలం వాడిన ఒక యాప్ అయితే ఎన్నిసార్లు ఆగినా లైవ్‌కి తిరిగి వచ్చేది కాదు. పైన ఎర్రగా "లైవ్" అని వెలుగుతూనే ఉండేది, కామెంటరీ మాత్రం ఓవర్ వెనక ఉండేది. అందుకే ఇప్పుడు ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య దొరికే విరామంలో స్ట్రీమ్ ఆపేసి మళ్లీ మొదలుపెడతాను. ప్రకటన వేసే యాప్ అయితే ఆ విరామం కాస్తా ప్రకటనకే సరిపోతుంది.

ఆట మీద దీని ప్రభావం ఆటను బట్టి ఉంటుంది. క్రికెట్‌లో స్పిన్నర్ బౌలింగ్ వేస్తుంటే అరనిమిషం ఆలస్యమంటే దాదాపు ఒక బంతి వెనకబడినట్టే. టెన్నిస్‌లో ఒక పాయింటుకీ ఇంకో పాయింటుకీ మధ్య సర్వ్ చేసేవాళ్లకు ఇచ్చే గడువు 25 సెకన్లు. మనం ఇంకా పోయిన పాయింటు వింటుంటే కోర్టులో కొత్త పాయింటు మొదలైపోయి ఉంటుంది. ఫుట్‌బాల్ పెనాల్టీ షూటౌట్‌లో అయితే చెప్పనే అక్కర్లేదు. వ్యాఖ్యాత గొంతు తగ్గించి "బంతి స్పాట్ మీద పెట్టాడు..." అంటున్నప్పుడే పక్కింట్లోంచి కేక వినిపిస్తుంది. వెంటనే ఫోన్‌లో స్కోర్ నోటిఫికేషన్ టింగుమంటుంది. ఆ టెన్షన్ కోసమే కదా లైవ్ వినేది, అదే పోతే ఇంకేం మిగిలింది? స్ట్రీమింగ్‌లో వినేవాళ్లు మ్యాచ్ మొదలయ్యే ముందే స్కోర్ యాప్‌ల నోటిఫికేషన్లన్నీ ఆపేసుకోవాలి. డీఏబీలో వినేవాళ్లకు ఇంత జాగ్రత్త అవసరం లేదు, నోటిఫికేషన్ కన్నా దాదాపు ఎప్పుడూ రేడియోనే ముందు చెబుతుంది.

ఈ సెకన్లకు డబ్బు విలువ కూడా ఉంది. కోర్టు పక్కన కూర్చుని పాయింటు ఫలితాన్ని ప్రసారం కన్నా ముందే బయట పందేలు కాసేవాళ్లకు చేరవేసే దందాకు కోర్ట్‌సైడింగ్ అని పేరు. 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో దీని మీదే ఒకరిని అరెస్టు కూడా చేశారు, తర్వాత ఆ కేసు ఉపసంహరించుకున్నారు. మామూలు శ్రోతకు కలిసి వినే ఆనందం పోతుంది, అక్కడ వేరేవాళ్లకు లాభం వస్తుంది.

టీవీ సౌండ్ ఆపేసి రేడియో కామెంటరీ పెట్టుకునే అలవాటు నాలాగే చాలామందికి ఉంది. రేడియోలో మాటతోనే ఆటంతా చూపించాలి కాబట్టి ఆ వ్యాఖ్యానం చిక్కగా ఉంటుంది. ఇక్కడ ఆలస్యం లెక్క తలకిందులవుతుంది. టీవీ డిజిటల్ అయ్యాక అదే రేడియో కన్నా వెనకబడింది. మా ఇంట్లో డీఏబీలో వికెట్ పడ్డాక కాసేపటికి గానీ టీవీలో బౌలర్ పరుగు మొదలవదు. రేడియో వెనక ఉంటే టీవీని ఒక్క క్షణం పాజ్ చేసి కలుపుకోవచ్చు. ముందుంటే రేడియోనే ఆపి ఉంచాలి, ఆ సౌకర్యం నేను వాడిన మామూలు సెట్లలో లేదు. ఫోన్‌లో శబ్దాన్ని కావలసినన్ని సెకన్లు ఆలస్యం చేసే యాప్‌లు ఉన్నాయి. రేడియో ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి ఫోన్‌కి వైరు కలిపి అలా వింటున్నాను. డీఏబీతో ఒకసారి కలిపితే మ్యాచ్ అయిపోయేదాకా కదలదు. స్ట్రీమ్‌తో అయితే పావుగంటకోసారి మళ్లీ సర్దుకోవాలి. ఇంత చిన్న పనికి ఒక బటన్ పెట్టడం సెట్ తయారుచేసేవాళ్లకు కష్టం కాదు. పాతికేళ్ల నుంచి డిజిటల్ రేడియోలు అమ్ముతూ క్రీడాభిమానిని ఒక్కసారైనా అడిగి ఉంటే ఈపాటికి వచ్చేది.

కారులో ఇంకో ఇబ్బంది. డీఏబీ సిగ్నల్ పోగానే సెట్ తనంతట తానే అదే స్టేషన్ ఎఫ్ఎంకి మారుతుంది. ఎఫ్ఎం మూడు సెకన్లు ముందుంటుంది కాబట్టి మధ్యలో మాటలు ఎగిరిపోతాయి. "గాల్లోకి లేపాడు, కింద ఫీల్డర్..." అన్న తర్వాత నేరుగా చప్పట్లు వినిపిస్తాయి. సిగ్నల్ తిరిగి రాగానే విన్న మాటలే మళ్లీ వస్తాయి. మంచి కార్ సెట్లు ఎఫ్ఎంని లోపలే ఆలస్యం చేసి రెండింటినీ కలుపుతాయి, అప్పుడు మార్పు తెలియదు. కొనేముందు కొండ ప్రాంతంలోనో సొరంగం దగ్గరో ఒకసారి నడిపి చూడండి. ఇంట్లో రెండు గదుల్లో రెండు వేర్వేరు డీఏబీ సెట్లు పెడితే వాటి మధ్య కూడా కాస్త తేడా ఉండి ప్రతిధ్వనిలా వినిపిస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వల్ల కలిసేది సెకనులో ఐదో వంతు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ప్రసారసంస్థలు తలుచుకుంటే ఏం చేయవచ్చో అమెరికా నుంచి ఒక ఉదాహరణ ఉంది. ఒకే స్టేషన్‌ని అనలాగ్‌తోపాటు డిజిటల్‌లోనూ పంపే అక్కడి హెచ్‌డీ రేడియోలో డిజిటల్ సిగ్నల్ పోయినప్పుడు అనలాగ్ అతుకు తెలియకుండా అందుకోవడానికి అనలాగ్‌ని కూడా కావాలనే సుమారు 8 సెకన్లు వెనక్కి నెడతారు. దాంతో స్టేడియంలో రేడియో పెట్టుకున్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. అందుకని ఆట ఉన్నప్పుడు ఆ ఆలస్యాన్ని తీసేసే ఏర్పాటు పెట్టారు. బాల్‌గేమ్ మోడ్ అని దానికి పేరే ఉంది. స్ట్రీమింగ్‌లోనూ తక్కువ ఆలస్యంతో పంపే హెచ్ఎల్ఎస్ పద్ధతిని ఆపిల్ 2019లో ప్రకటించింది. వీడియో కాల్స్‌లో వాడే వెబ్‌ఆర్‌టీసీతో సెకను లోపే చేరవేయవచ్చు. కాబట్టి అరనిమిషం ఆలస్యం తప్పనిసరి అన్న మాట నేను ఒప్పుకోను. ఖర్చు అవుతుంది, నెట్ బాగాలేని చోట తెగిపోతుంది, అది నిజమే. వినేవాళ్లకు ఎంచుకునే అవకాశం ఇస్తే చాలు.

నా సలహా అడిగితే, మీ ప్రాంతంలో డీఏబీ ప్లస్ బాగా అందుతుంటే ఇంట్లో వినడానికి అది కొనండి, ఎఫ్ఎం కూడా ఉన్న సెట్ తీసుకోండి. స్ట్రీమింగ్‌ని వేరే దారి లేనప్పుడు, లేదా ఒంటరిగా వింటూ ఫలితం ముందే తెలిసే ప్రమాదం లేనప్పుడు వాడండి. మైదానానికి వెళ్లేటప్పుడు మాత్రం ఇప్పటికీ నేను జేబులో పెట్టుకునేది అనలాగ్ సెట్టే. డీఏబీలో మూడు సెకన్ల తేడా ఇంట్లో తెలియదు. కళ్లెదుట ఆట జరుగుతుంటే మాత్రం ఫీల్డర్ బంతి విసిరేశాక "కొట్టాడు" అని వినిపిస్తుంది, కాసేపటికే తల నొప్పి పుడుతుంది.

అయితే ఆ అనలాగ్ దారులు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. నార్వే 2017లో జాతీయ స్టేషన్ల ఎఫ్ఎం ఆపేసింది. బీబీసీ 2023లో లాంగ్ వేవ్ మీద టెస్ట్ మ్యాచ్ కామెంటరీ మానేసింది. వాటి నిర్వహణ ఖర్చు ఎక్కువన్నది నిజమే. అలాంటప్పుడు స్టేడియంలోకి వచ్చినవాళ్లకు వేరే ఏర్పాటు ఉండాలి. చూపులేని అభిమానుల కోసం కొన్ని ఫుట్‌బాల్ మైదానాల్లో ఆటను వర్ణించి చెప్పే కామెంటరీని అక్కడికక్కడే చిన్న ట్రాన్స్‌మిటర్‌తో హెడ్‌సెట్లకు పంపుతున్నారు. చుట్టూ వేలమంది గోల్ అని లేచిన క్షణంలోనే వాళ్లకూ ఆ మాట అందుతుంది. డిజిటల్ ప్రసారం మీదో యాప్ మీదో వదిలేస్తే జనం కేకలు ముందు వచ్చి, కారణం తర్వాత తెలుస్తుంది. ఆ హెడ్‌సెట్లు ప్రతి పెద్ద మైదానంలో, ప్రతి ఆటకూ ఉండాలి. అడిగినవాళ్లందరికీ టికెట్ కౌంటర్ దగ్గరే ఇవ్వాలి.