ఆరు సీజన్లుగా నాలుగో బోర్డు: ఒక చెస్ క్లబ్ సభ్యత్వం ఎలా ఉందంటే

ఈ క్లబ్బులో చేరినప్పుడు నా ఆశ ఒక్కటే, రేటింగ్ (ఆట బలం చూపే అంకె) పెరగాలి. ఆరు లీగ్ సీజన్లు ఆడాక ఆ లెక్కే ముందు చెప్పేస్తాను. చేరిన రోజున 1430, ఇవాళ 1660. 230 పెరిగిందంటే బాగానే ఉందే అనిపిస్తుంది. అయితే 2024 మార్చిలో ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) 2000 లోపు రేటింగులన్నిటినీ ఒకేసారి పైకి జరిపింది. ఎవరికి 2000కి ఎంత తక్కువుందో చూసి, అందులో 40 శాతం కలిపింది. అప్పటికి నాది 1455. తెల్లారి లేచేసరికి 1673. అంటే 218 పాయింట్లు నిద్రలో వచ్చినవి, మిగిలిన పన్నెండూ నా కష్టార్జితం. రేటింగ్ కోసమే క్లబ్బు వెతుక్కునేవాళ్ళు ఇక్కడిదాకా చదివితే చాలు.

మిగతావాళ్ళకి లీగ్ సంగతి చెప్పాలి. ఎనిమిది జట్లు, ఒక్కో జట్టులో నలుగురు (ఒక్కొక్కరు ఒక్కో బోర్డు మీద, మామూలుగా గట్టివాళ్ళు పైబోర్డుల్లో), ప్రతి జట్టూ మిగతా ఏడింటితో ఒక్కోసారి ఆడుతుంది. మ్యాచ్ గెలిస్తే 2 పాయింట్లు, సమమైతే 1. ఆ పాయింట్లు కూడా సమానమైతే నాలుగు బోర్డుల మీద వచ్చిన ఆట పాయింట్లు (గెలుపుకి 1, డ్రాకి అర) కూడి చూస్తారు. ఒక జట్టుకి 1, 3 బోర్డుల్లో తెల్లపావులు వస్తే 2, 4 బోర్డుల్లో నల్లవి. ఆరు సీజన్లలో నాకు 36 ఆటలు దొరికాయి. 13 గెలిచాను, 12 డ్రా, 11 ఓడాను. ఏ రకంగా చూసినా సగటు మనిషిని.

టైము 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు అదనం. అరవై ఎత్తుల ఆటంటే మనిషికి రెండు గంటలు, ఇద్దరికీ కలిపి నాలుగు. ఆన్‌లైన్లో మూడు నిమిషాల ఆటలకి అలవాటుపడిన నాకు మొదటి సీజన్లో ఇది శిక్షలా ఉండేది. పన్నెండో ఎత్తుకల్లా నా గడియారంలో మొదట ఇచ్చినదానికన్నా ఎక్కువ టైము ఉండేది! అంటే ఆలోచించడం లేదన్నమాట. ఎదుటివాళ్ళు తల పట్టుకుని కూర్చుంటే నేను లేచి పక్క బోర్డులు చూసి వచ్చేవాణ్ణి, తిరిగొచ్చాక ఓడిపోయేవాణ్ణి. బల్ల దగ్గర కూర్చోవడం కూడా ఒక విద్యేనని అర్థమవడానికి రెండు సీజన్లు పట్టింది. ఇంకోటి, 30 సెకన్లు కలిసే ఆటలో టైము ఎంత తక్కువున్నా ప్రతి ఎత్తూ రాయాల్సిందే. చేయి వణుకుతున్నా, గుర్రం ఏ గడిలో పెట్టామో రాశాకే ముందుకు పోవాలి. అలా రాసిన కాగితాలు ఇప్పుడు నా దగ్గర ఫైలు నిండా ఉన్నాయి. కొన్నింటిలో చివరి ఇరవై ఎత్తులు నాకే అర్థం కావు.

బోర్డు ఆర్డర్ గురించి చెప్పకపోతే క్లబ్బు గురించి సగమే చెప్పినట్టు. ఎవరు ఏ బోర్డు మీద కూర్చోవాలనేది కెప్టెన్ నిర్ణయిస్తారు. ఏటా సీజన్ ముందు ఒకరో ఇద్దరో అలుగుతారు. మూడో సీజన్లో నేనూ అలిగాను, నాకంటే ముప్పై పాయింట్లు తక్కువున్న కుర్రాణ్ణి మూడో బోర్డులో వేశారని. తర్వాత 2024లో బుడాపెస్ట్‌లో జరిగిన చెస్ ఒలింపియాడ్ (దేశాల జట్ల పోటీ) చూశాక ఆ అలక తల్చుకుంటే సిగ్గేసింది. అప్పటికి దేశంలోకెల్లా ఎక్కువ రేటింగున్న అర్జున్ ఎరిగైసి ఆడింది మూడో బోర్డు. పదకొండు ఆటల్లో పది పాయింట్లు తెచ్చాడు, భారత జట్టు 22 మ్యాచ్ పాయింట్లకి 21 తెచ్చుకుని బంగారం గెలిచింది. ఆ సంగతి మా వాట్సాప్ గ్రూపులో కెప్టెన్ ఏ వ్యాఖ్యా లేకుండా పెట్టారు. ఎవరికోసమో చెప్పక్కర్లేదు.

జట్టుగా ఆడటమంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం ఓడిపోయిన ఒక ఆటతో. రెండో సీజన్, నాలుగో రౌండు. మా జట్టు 2–1తో ముందుంది, మిగిలింది నా ఆటొక్కటే. నేను డ్రా చేస్తే మ్యాచ్ మాది. నావి నల్లపావులు. ఎదుటివాడికి రాజు, రూక్ (ఏనుగు), ఒక బంటు. నాకు రాజు, రూక్. అతని వైపునుంచి లెక్కపెడితే అతని బంటు ఐదో వరుసలో ఉంది, నా రాజు దాని దారికి అడ్డంగా చివరి గడిలో కూర్చున్నాడు. నా రూక్ ఆరో వరుసలో కాపలా కాస్తోంది, అతని రాజు అటు రావడానికి లేదు. పుస్తకాల్లో దీన్ని ఫిలిడార్ పొజిషన్ అంటారు. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడార్ పేరు మీద వచ్చింది (ఆయన సంగీతకారుడు కూడా, ఆపెరాలు కట్టాడు). చేయాల్సింది చాలా తేలిక. బంటు ఆరో వరుసకి వచ్చేదాకా రూక్ ఆ వరుస వదలకూడదు. బంటు వచ్చిన మరుక్షణం రూక్‌ని అటు చివరికి దించి వెనకనుంచి చెక్‌లు ఇస్తూ పోవాలి. బంటు ముందుకొచ్చాక అతని రాజుకి దాక్కునే చోటుండదు. డ్రా.

ఇదంతా నాకు తెలుసు. వీడియోలో చూశాను. కానీ నా వెనక ఏడుగురు నిలబడి ఉన్నారు, గడియారంలో రెండు నిమిషాలు కూడా లేవు. అతను బంటు జరపకుండా రూక్‌తో ఊరికే ఒక ఎత్తు వేశాడు. నేనూ ఏదో ఒకటి చేయాలి కదా అనిపించి, బంటు కదలకముందే రూక్‌ని కిందికి దించేశాను. అతని రాజు తాపీగా ఆరో వరుసలోకి వచ్చి కూర్చున్నాడు. అప్పటికీ ఆట పోలేదట, కాస్త కష్టపడితే డ్రాయేనట. ఆ తర్వాత నేను రాజుని బోర్డు చిన్నవైపుకి (బంటు పక్కన గడులు తక్కువున్న వైపుకి) పంపాల్సింది పోయి పెద్దవైపుకి పంపాను. అక్కడితో సరి. 2–2.

కెప్టెన్ పక్కనే ఉన్నారు. నియమం ప్రకారం ఆయన మాట్లాడదగ్గది మ్యాచ్ స్కోరును బట్టి డ్రా ఇవ్వొచ్చా, తీసుకోవచ్చా, ఓటమి ఒప్పుకోవచ్చా అన్నంతవరకే. బోర్డు మీద ఏముందో, ఏం ఆడాలో అనకూడదు. నేను రూక్ పట్టుకున్నప్పుడు ఆయన తల తిప్పుకుని గోడ వైపు చూశారని తర్వాత ఎవరో చెప్పారు. ముట్టుకున్న పావు ఆడాల్సిందే కాబట్టి, అప్పటికే రూక్ ఎత్తు తప్పదు. ఏ గడిలో పెట్టాలన్నదే నా చేతిలో ఉంది.

స్కోరు కాగితాల మీద సంతకాలయ్యాక నన్నెవరూ ఏమీ అనలేదు. మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నారు, అందరం మాస్టారు అంటాం. ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని ఐదు పావులూ తిరిగి పేర్చారు. "ఇప్పుడు నేను ఏమీ చేయను, రూక్‌ని అటూ ఇటూ జరుపుతుంటాను. నువ్వూ ఆ వరుసలోనే జరుపుతుండు" అన్నారు. ఓ పది ఎత్తులు అలాగే జరిపాం. ఇద్దరికీ నవ్వొచ్చింది. డబ్బు కట్టి నేర్చుకున్న కోచింగులో కూడా ఏమీ చేయకుండా ఉండటం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.

ఆట అయ్యాక జరిగే ఈ విశ్లేషణే ఈ సభ్యత్వంలో నేను పెట్టిన చందాకి అసలు ప్రతిఫలం. కంప్యూటర్లో చెస్ ఇంజన్ పెడితే తప్పు ఎక్కడుందో ఒక్క సెకనులో చెబుతుంది, నేను ఎందుకు అలా ఆడానో అడగదు. ఇక్కడ ఓడించిన మనిషే ఎదురుగా కూర్చుని "మీరు ఇక్కడ దేనికి భయపడ్డారు?" అని అడుగుతాడు. చాలాసార్లు ఇద్దరం వేర్వేరు ఆటలు ఆడినట్టు తేలుతుంది. పదేళ్ళ పిల్లలతో ఇది మరీ సరదా. "అంకుల్, ఇక్కడ నా గుర్రం వస్తే ఏం చేసేవారు?" అంటూ నేను కలలో కూడా అనుకోని ఎత్తు చూపిస్తారు. ఆ పిల్లలే రెండేళ్ళలో మనల్ని దాటి పైబోర్డులకి పోతారు. దానికి సిద్ధపడే చేరాలి.

ఇక లోపాలు. మొదటిది, క్లబ్బు మొత్తం ఒక్కరి భుజాల మీద నడుస్తోంది. హాలు తాళం, జట్టు పేర్లు పంపడం, ఫలితాలు ఎక్కించడం, చందాల లెక్క, అన్నీ కార్యదర్శి గారే. నాలుగో సీజన్లో ఆయన మూడు వారాలు మంచం పడితే అందరం గ్రూపులో "రేపు మ్యాచ్ ఉందా?" అని ఒకరినొకరు అడుక్కున్నాం తప్ప జవాబు ఎవరికీ తెలియదు. ఆ తర్వాతైనా పని పంచుకున్నామా అంటే లేదు. నేనూ తప్పించుకున్నవాణ్ణే.

రెండోది, కొత్తగా నేర్చుకునేవాళ్ళని పట్టించుకోరు. వారానికోసారి జరిగే ప్రాక్టీసులో గట్టివాళ్ళు గట్టివాళ్ళతోనే బ్లిట్జ్‌లకి (కొద్ది నిమిషాల వేగపు ఆటలకి) కూర్చుంటారు. కొత్తవాళ్ళు గోడ పక్కన ఫోన్లు చూసుకుంటూ ఉండి, మూడో వారానికి రావడం మానేస్తారు. నేను నిలబడ్డానంటే మాస్టారి వల్లే.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. ఐదో సీజన్ చివరి రౌండులో నా బ్యాగులోంచి అలారం మోగింది. సైలెంట్లో పెడితే సరిపోతుందనుకున్నాను. ఆర్బిటర్ (మ్యాచ్ రెఫరీ) వచ్చి గడియారం ఆపేశారు. అప్పటికి నాకు ఒక బంటు ఎక్కువుంది, పొజిషన్ కూడా బాగుంది. ఫోన్ మోగినందుకు ఆట పోయింది. ఆ సీజన్లో మాకూ పై జట్టుకీ మ్యాచ్ పాయింట్లు సమానమయ్యాయి, ఆట పాయింట్లలో అర పాయింటు తేడాతో రెండో స్థానం పోయింది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడు మ్యాచ్‌కి వెళ్ళేటప్పుడు ఫోన్ ఇంట్లోనే వదిలేస్తాను.

సామాను సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. బోర్డులు, పావులు టోర్నమెంటు సైజువే, బరువు బాగుంటుంది. ఒక సెట్టులో నల్లబంటు పోతే వేరే సెట్టులోది తెచ్చి పెట్టారు, దాని తల కాస్త పెద్దది. అందరం పెద్దబంటు అంటాం. ఆ సెట్టుతో ఆడేవాళ్ళు మిగతా బంట్లు పోయినా దాన్ని మాత్రం కాపాడుకుంటారు. ఆట పరంగా అది ఎంత పొరపాటో చెప్పినా వినరు.

పోయిన సీజన్లో జరిగింది ఒకటి చెప్పాలి. మా మూడో బోర్డు కుర్రాడికి, నేను అలిగింది అతని మీదే, సరిగ్గా ఆ ఎండింగే వచ్చింది. అదే రూక్, అదే ఒంటి బంటు. నా ఆట అప్పటికే అయిపోయింది, వెళ్ళి వెనక నిలబడ్డాను. నోరు విప్పకూడదు. అతను రూక్ మీదికి చేయి పోనిచ్చిన ప్రతిసారీ నా కడుపులో దేవేసింది. ఇక ఉండలేక బయటికి వెళ్ళిపోయాను. కాసేపయ్యాక అతను నవ్వుతూ వచ్చి "డ్రా అన్నా" అన్నాడు. రూక్‌ని ఆ వరుసలోనే జరుపుతూ కూర్చున్నాడట, బంటు కదిలాకే దించాడట.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగాను.

కాస్త మొహమాటపడ్డాడు. "మాస్టారు చూపించారన్నా. కొత్తగా చేరిన వాళ్ళందరికీ మీ ఆటే పెట్టి చూపిస్తారు."

తర్వాత తెలిసింది, మా క్లబ్బులో ఆ పొజిషన్‌ని ఫిలిడార్ పేరుతో ఎవరూ పిలవరట. నా పేరుతోనే పిలుస్తారట.

వచ్చే సీజన్‌కి చందా కట్టేశాను. చేరాలనుకుంటే ప్రాక్టీసు రోజున వచ్చి నేరుగా మాస్టారి బల్ల దగ్గర కూర్చోండి, గోడ పక్కన మాత్రం కూర్చోకండి. రెండో బల్ల మీది గడియారం మీట ఒకవైపు గట్టిగా నొక్కితేగానీ పడదు. ఆరేళ్ళుగా చెబుతూనే ఉన్నాం.