వేతన వ్యత్యాసాన్ని విడదీసి చూపే ‘వహాకా’ ప్యాకేజీ: ఒక సమీక్ష

రెండు వర్గాల సగటు వేతనాల మధ్య తేడా ఎంతో చెప్పడం తేలిక. ఆ తేడాలో చదువు, వయసు, అనుభవం వంటి వాటి వల్ల ఏర్పడినదెంత, అవన్నీ సమానంగా ఉన్నా మిగిలిపోయేదెంత అని తేల్చడమే కష్టం. ఇందుకు 1973లో రోనాల్డ్ వహాకా, అలన్ బ్లైండర్ విడివిడిగా ప్రతిపాదించిన పద్ధతిని, గణాంక విశ్లేషణకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో ఉచితంగా అందిస్తున్నది మారెక్ హ్లావాచ్ రూపొందించిన ‘వహాకా’ ప్యాకేజీ. దానితోపాటే షికాగో ప్రాంతంలోని 712 మంది హిస్పానిక్ (లాటిన్ అమెరికా, స్పెయిన్ మూలాలున్న) కార్మికుల దత్తాంశం (డేటా) వస్తుంది కాబట్టి, అమెరికాలోనే పుట్టినవారికీ విదేశాల్లో పుట్టినవారికీ మధ్య వేతన వ్యత్యాసాన్ని వెంటనే విశ్లేషించి చూడవచ్చు.

నాకు దీనిలో అన్నిటికన్నా విలువైనదిగా తోచిన గుణం వేరే ఉంది. ‘వివక్ష లేకపోతే వేతనాలు ఎలా నిర్ణయమయ్యేవి?’ అన్న ప్రశ్నకు ఏ వర్గపు గుణకాలను (చదువు వంటి ఒక్కో అంశం వేతనాన్ని ఎంత మారుస్తుందో చెప్పే అంకెలను) ప్రమాణంగా తీసుకుంటామన్నదానిపై ఫలితం ఆధారపడుతుంది. ఈ ప్యాకేజీ ఏదో ఒక ఎంపికను చాటుగా చేసేయకుండా, మొదటి వర్గం, రెండో వర్గం, రెండింటి సగటు, ఉమ్మడి రిగ్రెషన్ (రెండు వర్గాలనూ కలిపి వేసే వేతన సమీకరణం) అన్నిటి ఫలితాలనూ పక్కపక్కనే ఉంచుతుంది. ఉమ్మడి రిగ్రెషన్‌లో వర్గ సూచికను (ఎవరు ఏ వర్గమో చెప్పే చరాన్ని) చేర్చినదాన్నే నేను ఎంచుకుంటాను, ఎందుకంటే దాన్ని వదిలేస్తే వర్గాల మధ్య తేడాలో కొంత చదువు వంటి చరాల గుణకాల్లోకి చేరి, వివరించగల భాగం ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపించవచ్చు. విద్యాస్థాయిల్లో మిగతావాటిని పోల్చేందుకు దేన్ని ఆధారంగా తీసుకుని సమీకరణంలోంచి వదిలామన్నదాన్ని బట్టి చరాలవారీ ఫలితాలు మారిపోకుండా, ఫార్ములాలో మూడో భాగంగా ఆ చరాలను రాసే ఏర్పాటు కూడా ఉంది.

ప్రామాణిక దోషాలను (అంచనాల్లో ఎంత అనిశ్చితి ఉందో చెప్పే కొలతలను) బూట్‌స్ట్రాప్‌తో, అంటే ఉన్న దత్తాంశం నుంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసి, లెక్కిస్తుంది. మామూలుగా 100 పునరావృత్తులే చేస్తుంది. ప్రచురించే పనికి 1000కి పెంచమని నా సలహా.

లోపాలూ ఉన్నాయి. ఒకసారికి రెండు వర్గాలనే పోల్చగలదు. వ్యత్యాసం కాలక్రమంలో ఎలా మారిందో తనంతట తాను చెప్పదు. రెండు సంవత్సరాలకు విడిగా నడిపి, రెండు నమూనాల్లోని మనుషులు వేర్వేరైతే, ఆ మార్పు ప్రామాణిక దోషం కోసం రెండు ప్రామాణిక దోషాల స్క్వేర్లను కూడి వర్గమూలం తీసుకోవాలి. మన దేశంలో 2017లో మొదలైన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే (ఉపాధిపై ప్రభుత్వ సర్వే) వంటి, దశలవారీగా ఎంచుకున్న నమూనాలకైతే, సర్వే నిర్మాణాన్ని నేరుగా స్వీకరించే, స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్‌కు బెన్ యాన్ రాసిన కమాండ్ మేలు. అయితే స్టాటాకు డబ్బు చెల్లించాలి.

వివరణకు అందని భాగాన్ని వివక్ష అని పిలిచే ముందు, మన దత్తాంశంలో లేని చరాలేమిటో రాసి పెట్టుకోవాలి. ఆ పని ఏ ప్యాకేజీ చేయదు.