డైవింగ్ బోటు మీద టిప్పు: డబ్బాలో వేయాలా, చేతికివ్వాలా?

చెన్నై నుంచి స్కూబా డైవింగ్‌కు వెళ్లేవాళ్లు శని ఆదివారాల్లో ఈసీఆర్ (సముద్ర తీరం వెంబడి పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా పుదుచ్చేరి పోతారు. నాలుగు రోజులు సెలవు దొరికితే అండమాన్ విమానం ఎక్కి హేవ్‌లాక్ దీవి చేరతారు. బెంగళూరు వాళ్లకు మురుడేశ్వరం దగ్గరి నేత్రాణి దీవి ఉంది. ఇంకాస్త డబ్బు కూడితే మాల్దీవులు. డైవింగ్‌కు ఎంతవుతుందో ముందే తెలుస్తుంది. టిప్పు ఎంత, ఎవరికి అన్నది మాత్రం బోటు రేవుకు తిరిగొచ్చాక, తడి బట్టలతో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తేలుస్తారు. ఆ తొందరలో నీళ్లలో పక్కనే ఉన్న గైడుకు ఒక నోటు అందుతుంది. మిగతావాళ్లు ఎవరికీ గుర్తురారు.

ఆ మిగతావాళ్లు చేసే పని తక్కువేం కాదు. మామూలుగా వాడే అల్యూమినియం సిలిండర్ గాలి నిండి ఉంటే వాల్వుతో కలిపి సుమారు 17 కిలోలు తూగుతుంది. ఆరుగురు అతిథులు, ఇద్దరు గైడ్లు, తలా రెండు డైవ్‌లు అంటే 16 సిలిండర్లు. అంటే పావు టన్ను పైమాటే. దాన్ని బోటులోకి ఎక్కించాలి, మళ్లీ దించాలి. మునగడానికి మనం నడుముకు కట్టుకునే సీసపు బరువులు దీనికి అదనం. మనం కిందికి దిగాక బుడగలు ఎటు పోతున్నాయో కనిపెడుతూ, ప్రొపెల్లర్ మన మీదికి రాకుండా బోటును దూరంగా నిలిపేది బోటు నడిపే అతనే. పైకి వచ్చాక అలల్లో ఊగే నిచ్చెన దగ్గర మన బీసీడీ (సిలిండర్ తగిలించుకునే, గాలి నింపే జాకెట్టు) విప్పి లాక్కునేది సహాయకుడు. ఇక ఒడ్డున సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ దగ్గర ఉండే మనిషిని చాలామంది అసలు చూడనే చూడరు. కంప్రెసర్ గాలి పీల్చే గొట్టం వైపు ఇంజన్ పొగ రాకుండా చూసేది, ఫిల్టర్ ఎన్ని గంటలు పనిచేసిందో లెక్క చూసి మార్చేది అతనే. పొగ లోపలికి పోతే సిలిండర్‌లో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. ఒడ్డున కొద్దిగా ఉన్నా లోతుకు వెళ్లేకొద్దీ పీడనంతో అది మరింత ప్రమాదం. మన ఊపిరి అతని జాగ్రత్త మీద ఆధారపడి ఉంది. టిప్పు గురించి ఏం తేల్చుకున్నా ఈ మనిషి దాకా చేరేలా తేల్చుకోవాలి.

చేతికివ్వడంలో సుఖం ఏమిటంటే డబ్బు ఎవరికి చేరిందో మన కళ్లతో చూస్తాం. మధ్యలో ఎవరూ ఉండరు. ఇబ్బందేమో, కనిపించినవాళ్లకే అందుతుంది. అందరికీ కలిపి పెట్టిన టిప్పుల డబ్బాలో వేస్తే వంటమనిషి, ఇంజన్ గదిలో ఉండేవాడు, కంప్రెసర్ మనిషి అందరికీ వాటా వెళ్లే వీలుంది. అయితే ఆ డబ్బా ఎవరు తెరుస్తారు, ఎలా పంచుతారు అన్నది మనకు కనబడదు. కౌంటర్ మీద పెట్టిన డబ్బా బోటు మనుషులదా, ఆఫీసు వాళ్లదా అన్నది కూడా తెలియదు. కాబట్టి వేసేముందు ఒక్క ప్రశ్న అడగండి: “ఇది ఎవరెవరు పంచుకుంటారు?” సూటిగా పేర్లు చెబితే వేయండి. నసిగితే చేతికే ఇవ్వండి.

ఒక్కరోజు బోటుకు మా ఓటు చేతికే, కానీ రెండు కవర్లుగా. ఒకటి గైడుకు, ఒకటి బోటు మనుషులందరికీ. రెండోది బోటు నడిపే పెద్దాయనకు మిగతావాళ్లు చూస్తుండగా ఇవ్వాలి. “అణ్ణా, ఇదు ఎల్లారుక్కుం, కంప్రెసర్ అణ్ణాక్కుం సేర్త్తు” (అన్నా, ఇది అందరికీ, కంప్రెసర్ అన్నకు కూడా కలిపి) అని ఒక్క మాట తమిళంలో అనండి. ఆ మాట అనకపోతే అది తనకొక్కడికే అనుకున్నా తప్పు ఆయనది కాదు. అండమాన్‌లో అయితే తెలుగులోనే చెప్పే అవకాశం ఉంది, అక్కడ స్థిరపడ్డ శ్రీకాకుళం వైపు కుటుంబాలు ఎక్కువే.

రోజుల తరబడి బోటులోనే పడుకుని డైవ్ చేసే లైవ్‌అబోర్డ్ యాత్రల్లో మాత్రం డబ్బానే మేలు. అక్కడ పనివాళ్లు ఎక్కువ, అందులో సగం మంది మనకు ఎదురుపడరు. పడకలు సర్దేవాడికీ చిన్న పడవ నడిపేవాడికీ విడివిడిగా ఇవ్వబోతే ఎవరో ఒకరు తప్పిపోతారు. ఒక్కటి అడిగి తెలుసుకోండి: డైవ్ గైడ్లు ఆ వాటాలో ఉన్నారా, వాళ్లకు వేరేనా? కొన్ని బోట్లలో కలిపే ఉంటారు, కొన్నింట్లో ఉండరు.

ఎంత అన్నదానికి శాతం లెక్క, రోజు లెక్క అని రెండు పద్ధతులున్నాయి. లైవ్‌అబోర్డ్‌లలో ప్యాకేజీలో 10 శాతం అని ఎక్కువగా వినిపిస్తుంది. అమెరికాలో ఫ్లోరిడా వైపు రోజు బోట్ల మీద సిలిండర్‌కు 5 నుంచి 10 డాలర్లు ఇస్తారు. మన దగ్గర అలా స్థిరపడ్డ రివాజు లేదు, అమెరికా లెక్కను పుదుచ్చేరికి మోసుకురావాల్సిన పనీ లేదు. శాతం లెక్కలో చిక్కు ఏమిటంటే ధరలో హోటల్ గది, ఫెర్రీ, ఫోటోలు, జీఎస్టీ అన్నీ కలిసి ఉంటాయి. జీఎస్టీ ప్రభుత్వానికి పోతుంది, అది కట్టామని టిప్పు ఇచ్చేసినట్టు కాదు. అందుకే మన తీరంలో రోజు లెక్కే సబబు. మనిషికి రోజుకు గైడు కవరులో 300 నుంచి 500 రూపాయలు, బోటు కవరులో 200 నుంచి 300 వేస్తే గౌరవంగా ఉంటుంది. ఆరుగురు తలా 300 వేస్తే బోటు కవరులో 1,800. నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 450. ఈత రాకుండా మొదటిసారి దిగినవాళ్లు గైడుకు ఎక్కువ లెక్కే, అంటే 500 చూడాలి, ఆ అరగంటా అతను మన సిలిండర్ వాల్వు మీద నుంచి చేయి తీయడు. గైడే దుకాణం యజమాని అయితే అతనికి అక్కర్లేదు, ఆ డబ్బు కూడా బోటు కవరులోకే. మాల్దీవుల బిల్లులో సర్వీస్ ఛార్జీ ఉందేమో చూసుకుని, ఉంటే ఆ మేరకు తగ్గించుకోవచ్చు.

నగదా, యూపీఐనా? నగదే. కౌంటర్ దగ్గరి క్యూఆర్ కోడ్‌కు పంపింది యజమాని ఖాతాలో డైవింగ్ రుసుముతో కలిసిపోతుంది. బోటు మీద ఫోన్లు ఉండవు, హేవ్‌లాక్‌లో నెట్‌వర్క్‌ను నమ్ముకోలేం. గైడు తన సొంత నంబరు ఇస్తే అది వేరే సంగతి. వంద, రెండొందల నోట్లు ముందురోజే తెచ్చుకుని జిప్ కవరులో పెట్టి, తడవని సంచిలో వేసుకోండి. తడిసిన నోటు చేతికివ్వడానికి బాగుండదు. డాలర్లు కావాల్సినచోటికి వెళ్తుంటే ఫారెక్స్ దుకాణంలో రెండు మూడు రోజుల ముందే 5, 10, 20 డాలర్ల నోట్లు కావాలని చెప్పండి. చెప్పకపోతే వందలూ యాభైలూ ఇచ్చి పంపుతారు. చిరిగినవీ గీతలున్నవీ తీసుకోకండి, వాటిని మార్చుకోలేక ఇబ్బంది పడేది ఆ పనివాళ్లు.

ముందే ఇస్తే బాగా చూసుకుంటారన్న ఆలోచన వదిలేయండి. “తాబేలు చూపిస్తే ఎక్కువిస్తా”, “ఇంకాస్త కిందికి తీసుకెళ్తే ఇస్తా” అనడం ఇంకా చెడ్డది. శిక్షణ లేనివాళ్లకు 12 మీటర్లు, ఓపెన్ వాటర్ (మొదటి స్థాయి శిక్షణ) సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు 18 మీటర్లు హద్దు. ఆ హద్దుకు మన డబ్బుతో ధర కట్టినట్టవుతుంది. పగడాన్ని పట్టుకోనిచ్చిన, తాబేలును తాకనిచ్చిన గైడుకు కవరు ఇవ్వకండి. ఆ రెంటికీ 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. దీనికి ఎదురు సంగతి ఒకటి: అలలు పెరిగాయని, ప్రవాహం బలంగా ఉందని డైవ్ ఆపి బోటు వెనక్కి తిప్పిన రోజు. ఏమీ చూడలేదన్న కోపంతో చాలామంది ఆ రోజు ఖాళీ చేతులతో దిగిపోతారు. బరువులు మోయడం, బోటు నడపడం ఆ రోజూ జరిగాయి, పైగా ఆదాయం పోతుందని తెలిసీ గైడు సరైన నిర్ణయం తీసుకున్నాడు. ఆ రోజు కవరు పూర్తిగా ఇవ్వాలి, గైడు కవరు ఇంకాస్త బరువుగా ఉన్నా మంచిదే.

ఎప్పుడు ఇవ్వాలో కూడా ముందే చూసుకోండి. వరుసగా కొన్ని రోజులు డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి కాబట్టి ప్రయాణం రోజున డైవింగ్ ఉండదు. పొద్దున్న ఫెర్రీ ఎక్కేముందు ఇద్దామని దుకాణానికి వెళ్తే మన బోటు మనుషులు అప్పటికే వేరేవాళ్లతో సముద్రంలో ఉంటారు. ఆఖరి డైవ్ ముగిసి, సిలిండర్లు దించడం పూర్తయ్యాక రేవు దగ్గరే కవర్లు ఇచ్చేయండి. లైవ్‌అబోర్డ్ అయితే దిగేముందు రాత్రి.