అమ్మకి స్ట్రోక్ వచ్చాక కొన్న బీపీ మిషన్ (జబ్బకి కట్టేది), పర్లాకిమిడి నుంచి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, మిషన్‌కి నాలుగు స్టార్లు, దాంతో పాటు డబ్బాలో ఇచ్చిన పట్టీకి మాత్రం రెండే. వివరంగా రాస్తున్నా, ఎవరింట్లోనైనా "స్మాల్ వెసెల్ ఇస్కీమియా" (మెదడులో సన్న రక్తనాళాలకి రక్తం సరిగ్గా అందకపోవడం) అని రిపోర్టు వచ్చి ఏటి చెయ్యాలో తెలీక కూర్చున్నవాళ్లకి పనికొస్తుందని.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. అమ్మకి ఎండాకాలంలో ఒక పొద్దున్న ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి, మాట కొంచెం ముద్దగా వచ్చింది, తెలివి మాత్రం పూర్తిగా ఉంది, అందర్నీ గుర్తుపడతంది, మమ్మల్ని తిడతంది కూడా. బరంపురం తీసుకెళ్లాం. సీటీలో పెద్దగా ఏమీ కనబళ్లేదు, ఎంఆర్ఐలో మెదడు లోపల కుడివైపు ఇంటర్నల్ క్యాప్సూల్ అనే చోట చిన్న మచ్చ, లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్ అన్నారు, అంటే సన్న నాళం మూసుకుని రక్తం అందక చచ్చిపోయిన చిన్న భాగం, దాంతో పాటు పాత మార్పులు కూడా ఉన్నాయని ఫజెకాస్ గ్రేడ్ 2 అని రాశారు. ఆ గ్రేడు 0 నుంచి 3 దాకా ఉంటుంది, మెదడు లోపలి తెల్ల భాగం ఎంత దెబ్బతిందో చెప్పే లెక్క అన్నమాట.

డాక్టరు గారు చెప్పిందీ, తర్వాత నేను చదివిందీ కలిపి రాస్తున్నా. మెదడు అడుగున ఉన్న పెద్ద రక్తనాళాల నుంచి మిల్లీమీటరు కంటే సన్నటి కొమ్మలు నేరుగా లోపలికి దిగుతాయి. పెద్ద కాలువ గట్టుకి తూము పెట్టి పొలంలోకి వదిలిన పిల్లకాలువలాగ, కాలువ ఒత్తిడంతా ఆ సన్నదాని మీదే పడతాది. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువుంటే వాటి గోడలు మందంగా, గట్టిగా అయిపోయి లోపలి దారి సన్నబడి, ఒకరోజు మూసుకుపోతాయి. అక్కడ చచ్చిపోయే భాగం 15 మిల్లీమీటర్లలోపే ఉంటుంది, కానీ చెయ్యీ కాలూ నడిపించే తీగలన్నీ అక్కడ ఇరుగ్గా కట్టకట్టుకుని పోతాయి కాబట్టి చిన్న మచ్చకే సగం ఒళ్లు పడిపోతుంది. దీన్ని 1960ల్లో మిల్లర్ ఫిషర్ అనే కెనడా డాక్టరు విడదీసి చూపించాడంట. రక్తం అందక వచ్చే స్ట్రోకుల్లో దాదాపు నాలుగో వంతు ఈ రకమే. ఇంకా భయపెట్టేది ఏంటంటే చాలామందికి ఏ లక్షణం లేకుండానే ఈ మచ్చలు పడిపోతుంటాయి, నడక నెమ్మదించడం, మతిమరుపు, చిరాకు, ఇవన్నీ వయసని వదిలేస్తాం.

ఇక మందులు రాసేసి డాక్టరు గారు ఒకటే మాట గట్టిగా చెప్పారు, అమ్మగారి పై నంబరు 130 లోపు ఉండాలి, ఇంట్లో మిషన్ పెట్టుకోండి, క్లినిక్‌లో చూసేది నేను నమ్మను అని. నాకు ముందు అతిగా అనిపించింది గానీ ఎస్‌పీఎస్3 అని ఒక పెద్ద పరీక్ష ఉంది, ఇలాంటి చిన్న స్ట్రోకు వచ్చిన 3,020 మంది మీద చేశారు, 130 లోపు పెట్టుకున్నవాళ్లలో మెదడులో రక్తస్రావం బాగా తగ్గింది, మళ్లీ స్ట్రోకు రావడం కూడా తగ్గినట్టే ఉంది గానీ అది లెక్కల్లో గట్టిగా తేలలేదు. అదే పరీక్షలో ఇంకోటి, రక్తం పల్చబడే మాత్రలు రెండు రకాలు ఏళ్ల తరబడి కలిపి వేసినవాళ్లకి లాభం లేకపోగా బ్లీడింగులు, చావులు పెరిగాయి. మా వీధిలో ఒకాయన "రెండోది కూడా ఏసీయండి, సేఫ్" అని సలహా ఇచ్చాడు, ఆయన కోసమే ఈ లైను. మొదట్లో కొన్ని వారాలు రెండూ ఇవ్వడం వేరే సంగతి, అది డాక్టరు చూసుకుంటారు.

సరే, మిషన్ సంగతి. ఇక్కడ బజార్లో మెడికల్ షాపులోనే కొన్నా, రెండు వేల లోపే. మణికట్టుకి కట్టేది చవగ్గా ఉందని షాపాయన చూపించాడు, వద్దన్నా. మణికట్టువి చెయ్యి ఎత్తు కొంచెం మారితే నంబరు మారిపోతుంది, పెద్దవాళ్లకి అసలొద్దు. జబ్బవే కొనండి.

పట్టీ గురించి కోపం ఎందుకంటే డబ్బాలో ఇచ్చింది 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి, అమ్మ జబ్బ టేపుతో కొలిస్తే 34. చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అది మిషన్ తప్పు కాదు. షాపులో కట్టి చూస్తే 158 వచ్చింది, అమ్మ "ఇదేటిరా నాయనా, చెయ్యి నొక్కీస్తంది" అంది. పెద్ద పట్టీ విడిగా తెప్పిస్తే అదే మిషన్ మీద 140 చిల్లర. ఈ తేడాకి మాత్రల డోసు పెంచేస్తే అమ్మ లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోదూ? పెద్ద పట్టీకి విడిగా డబ్బులు కట్టించుకున్నారు, డబ్బా మీద సైజు ఎక్కడో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు. కంపెనీవాళ్లు ఇది చదివితే సైజు ముందువైపు రాయండి బాబూ.

మెమరీ బాగుంది, ఇద్దరికి వేరువేరుగా దాస్తుంది, నాన్నవీ అమ్మవీ కలిసిపోవు, కాకపోతే బటన్ చిన్నది, నాన్న అమ్మ బటన్ మీద నొక్కేస్తారు. డాక్టరు గారు చెప్పిన పద్ధతి ఇది: వారం రోజులు పొద్దున్న మాత్ర వేసుకోకముందు, సాయంత్రం, ప్రతిసారీ నిమిషం తేడాతో రెండుసార్లు, మొదటి రోజు నంబర్లు వదిలేసి మిగతావాటి సగటు. ఇంట్లో సగటు 135/85 దాటితే బీపీ ఎక్కువున్నట్టే లెక్క, అమ్మలాంటివాళ్లకి టార్గెట్ ఇంకా కింద. చూసేముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపు ఆనించి, కాళ్లు నేల మీద, కాలు మీద కాలు వెయ్యకుండా, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద. టీ తాగి అరగంట దాకా వద్దు. మాట్లాడకూడదు, ఇదే మా ఇంట్లో కష్టం. అమ్మకి ఎడమ చెయ్యి బలహీనం కాబట్టి కుడి చేతికే కడతాం.

గొంతు పెట్టారు మిషన్‌కి, హిందీ ఇంగ్లీషు తప్ప ఇంకేం లేదు. మా అమ్మకి తెలుగు, ఒడియా తప్ప రావు, సరిహద్దు ఊళ్లలో సగంమంది పెద్దవాళ్లు అంతే, ఆ గొంతు వల్ల మాకు ఒరిగింది సున్నా, ఆపేశాం. అంకెలు పెద్దవి, అమ్మే చదువుకుంటుంది. కరెంటు పోయినా సెల్స్ మీద నడుస్తుంది, అది మా ఊళ్లో చిన్న విషయం కాదు. అడాప్టరు విడిగా కొనుక్కోవాలి. గుండె కొట్టుకోవడం సరిగ్గా లేకపోతే ఒక గుర్తు చూపిస్తుంది, నాన్నకి రెండు మూడుసార్లు వచ్చింది, ఈసీజీ తీయిస్తే మామూలే. ఆ గుర్తు జబ్బు పేరు చెప్పదు, మళ్లీ మళ్లీ వస్తే మాత్రం ఈసీజీ తీయించండి.

ఒక్క విషయంలో దీన్ని నమ్ముకోవద్దు. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే మిషన్ వెతుక్కోకండి, 108కి ఫోన్ చేసి, మొదలైన టైము కాగితం మీద రాసుకుని ఆసుపత్రికి పోండి. నాళంలో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షను మొదలైన 4.5 గంటల లోపే. ఇక్కడ ఇంకా కొంతమంది బీపీ ఎక్కువుందని నాలిక కింద మాత్ర పెట్టేస్తున్నారు, స్ట్రోకులో ఉన్నట్టుండి బీపీ పడిపోతే మెదడుకి అందే రక్తం ఇంకా తగ్గిపోతుంది. సీటీ తీయకముందు ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ కూడా వెయ్యొద్దు, లోపల రక్తం కారుతుందో నాళం మూసుకుందో బయటనుంచి చెప్పలేం.

నంబర్లు ఇప్పుడు 126, 128 దగ్గర తిరుగుతున్నాయి. ఎండు చేప మానిపించడమే మందులకన్నా కష్టమైంది, ఆవకాయ సగానికి వచ్చింది. కొనేవాళ్లు జబ్బ కొలత తీసుకుని షాపుకెళ్లండి, పెద్ద పట్టీ స్టాకు ఉందా లేదా ముందు ఫోన్‌లో కనుక్కోండి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, సర్వీసుకి ఇక్కడ ఎవరూ లేరు, బరంపురమే పంపాలన్నాడు షాపాయన.