అనంతపురంలో హైస్కూలు విద్యార్థుల ఇంజనీరింగ్ నైపుణ్య పరీక్ష: ఇచ్చిన పని మేలైనది, మార్కులు వేసే తీరు మారాలి

అనంతపురంలోని ఒక శిక్షణ సంస్థ తొమ్మిది, పది తరగతుల వారి ఇంజనీరింగ్ నైపుణ్యాన్ని అంచనా వేసే పరీక్ష నిర్వహిస్తోంది. మా విద్యార్థులను దానికి తీసుకువెళ్లిన భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడిగా ఈ సమీక్ష రాస్తున్నాను.

ఉదయం పెట్టే రాతపరీక్ష గురించి చెప్పవలసింది తక్కువ. పాఠ్యపుస్తకంలోని సూత్రాలను అడిగే ఆ ప్రశ్నపత్రం జ్ఞాపకశక్తిని కొలుస్తుందే తప్ప ఇంజనీరింగ్‌ను కొలవదు.

మధ్యాహ్నం ఇచ్చే పని మాత్రం ఎంతో ఆలోచించి రూపొందించినది. ఎత్తున పెట్టిన బకెట్టు, సన్నని పైపు, సూదులు, కొలగ్లాసులు ఇచ్చి, పైపు పొడవునా పొడిచే రంధ్రాలన్నింటి నుంచీ నీరు సమానంగా పడేలా చేయమంటారు. చీనీ తోటలకు డ్రిప్పు వేసుకున్న ఇళ్ల నుంచి వచ్చిన మా పిల్లలకు ఇది పరాయి సమస్య కాదు. పైపులోని ఘర్షణ వల్ల ముందుకు పోయేకొద్దీ ఒత్తిడి తగ్గి, చివరి రంధ్రానికి నీరు తక్కువగా అందుతుంది. బకెట్టును ఇంకా పైకెత్తితే పడే నీరు పెరుగుతుంది గాని ఆ తేడా పోదు. మా పదో తరగతి అమ్మాయి ఒకతె ఈ సంగతిని కొలిచి గ్రహించి, నోటుపుస్తకంలో పట్టిక గీసుకొని, చివరి రంధ్రాలను కొద్దికొద్దిగా పెద్దవి చేస్తూ ప్రతిసారీ మళ్లీ కొలిచింది. గడువు ముగిసేసరికి తేడా చాలావరకు తగ్గింది. పక్క బల్ల దగ్గరి జట్టు అందాజుగా పొడిచిన రంధ్రాలతోనే అంతకంటే మెరుగైన ఫలితం సాధించింది గాని, అది ఎలా కుదిరిందో నేనడిగితే చెప్పలేకపోయింది.

మార్కులు చివరి కొలతకే పడ్డాయి. నోటుపుస్తకాన్ని ఎవరూ తెరవలేదు. ఇది నన్ను నిజంగా బాధించింది. పైపు మారినా, పొడవు మారినా, ఆ అమ్మాయి మళ్లీ దారి కనుక్కోగలదు. పరీక్ష పట్టుకోవలసింది ఆ శక్తినే. అమెరికాలో 2014లోనూ 2018లోనూ ఎనిమిదో తరగతి వారికి జరిపిన సాంకేతిక, ఇంజనీరింగ్ అక్షరాస్యత పరీక్షలో, కంప్యూటర్ మీద ఒక సమస్యను ఇచ్చి, విద్యార్థి దానిని ఏ క్రమంలో పరిష్కరిస్తున్నాడో కూడా నమోదు చేశారు. ఇక్కడ అంత హంగు అక్కరలేదు. నోటుపుస్తకం చదివి, రెండు ప్రశ్నలు అడిగే పరీక్షకుడు ఉంటే చాలు.

తల్లిదండ్రులకు ఒక మాట: ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీట్లు పదో తరగతి మార్కులను బట్టి ఇస్తారు కనుక, ఈ ధ్రువపత్రం అక్కడ అక్కరకు వస్తుందని రుసుము కట్టవద్దు. మధ్యాహ్నపు పని కోసమైతే పిల్లలను నిస్సంకోచంగా పంపవచ్చు. నోటుపుస్తకానికి కనీసం సగం మార్కులు కేటాయించి, దిద్దిన తరువాత దానిని విద్యార్థికి తిరిగి ఇవ్వాలని నిర్వాహకులను కోరుతున్నాను.